నలభై సెకన్లు ఆగమంటే ఏ గడియారం చూసి ఆగాలి?

థ్రెడ్‌ను, అంటే ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే ఒక పనిని, కొంతసేపు ఆపి ఉంచడం ప్రోగ్రామింగ్‌లో చాలా తేలికైన పనిలా కనిపిస్తుంది. డేటా వస్తే లేవాలి, నలభై సెకన్లలో రాకపోతే టైమవుట్ అని చెప్పి లేవాలి. కానీ ఆ నలభై సెకన్లు ఏ గడియారం ప్రకారం? మధ్యలో ఆ గడియారాన్ని ఎవరైనా వెనక్కి తిప్పితే? మధ్యలో కంప్యూటరే స్లీప్‌లోకి వెళ్తే ఆ నిద్ర లెక్కలోకి వస్తుందా, రాదా? వీటికి లైనక్స్ ఒక జవాబు చెబుతుంది, విండోస్ ఇంకొకటి చెబుతుంది, మ్యాక్ మరొకటి. విండోస్ అయితే 7లో ఒక రకంగా, 8 నుంచి ఇంకో రకంగా నడుస్తుంది. ఒకే సి కోడ్‌ను ఈ మూడింటి మీదా నడిపే పని నాది కాబట్టి దీని గురించి తీరిగ్గా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

నేను పనిచేసేది పాల సెంటర్లలో వాడే సాఫ్ట్‌వేర్ మీద. చిత్తూరు వైపు ఊరూరా ఉంటాయి ఈ సెంటర్లు. తెల్లవారగానే రైతులు పాలు తెస్తారు. తూకం వేస్తారు, కొంచెం శాంపిల్ తీసి ఎనలైజర్‌లో పెడతారు. ఫ్యాట్ ఎంత, ఎస్ఎన్ఎఫ్ (ఫ్యాట్ కాని ఘనపదార్థాలు) ఎంత అని చూసి, రేటు కట్టి చీటీ ఇస్తారు. తూకం మిషను, ఎనలైజర్, ప్రింటర్, మూడూ సీరియల్ కేబుల్‌తో ఒక బాక్సుకు కలిపి ఉంటాయి. ఆ మూడింటితో మాట్లాడే లైబ్రరీని మా టీమ్ చూసుకుంటుంది. కొన్ని సెంటర్లలో పాత విండోస్ పీసీలు, ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. కొత్త సెంటర్లలో లైనక్స్ నడిచే చిన్న ఏఆర్‌ఎం బాక్సులు. టీమ్‌లో కొందరు రాసేదీ టెస్ట్ చేసేదీ మ్యాక్‌లో.

ఒక సెంటర్ నుంచి అప్పుడప్పుడూ పొద్దున్నే ఫోన్ వచ్చేది. "సార్, మిషను పలకడం లేదు, జనం క్యాన్లు పట్టుకోని నిలబడుండారు." బాక్సు ఆపి మళ్ళీ ఆన్ చేస్తే సరిపోయేది. లాగ్‌లో ఎర్రర్ ఏమీ ఉండదు. ఎనలైజర్‌కు కమాండ్ పంపినట్టు ఒక లైను ఉంటుంది, ఆ తరువాత ఏమీ ఉండదు. నలభై సెకన్లకు రావాల్సిన టైమవుట్ లైను కూడా రాదు.

కారణం లాగ్‌లోనే, టైమ్ కాలమ్‌లో ఉంది. ఆ బాక్సులో ఆర్‌టీసీ (కరెంటు లేకపోయినా నడవాల్సిన లోపలి గడియారం) బ్యాటరీ లేదు. రాత్రి కరెంటు పోతే టైమ్ పోతుంది. చీటీ మీద తేదీ, టైమ్ పడాలి కాబట్టి సెంటర్ సెక్రటరీ పొద్దున్నే స్క్రీన్ మీద టైమ్ సెట్ చేసి పని మొదలుపెట్టేవారు. ఆ స్క్రీన్‌లో ఏఎం, పీఎం అని చిన్న బటన్ ఒకటి ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఆ రోజు టైమ్ సాయంత్రం 5:40 అని సెట్ అయింది.

ఇప్పుడు ఒక్కో సెకను చూద్దాం. బాక్సు గడియారం 17:40:10 చూపిస్తుండగా ఎనలైజర్‌కు కమాండ్ వెళ్ళింది. థ్రెడ్ కండిషన్ వేరియబుల్ మీద, అంటే డేటా వచ్చిందన్న కబురు కోసం థ్రెడ్లు ఎదురుచూసే చోట, ఆగింది. గడువు 17:40:50. పది సెకన్ల తరువాత మోడెమ్‌కు సిగ్నల్ దొరికింది, ఎన్‌టీపీ సర్వర్ (నెట్‌లో సరైన టైమ్ ఇచ్చే సర్వర్) నుంచి అసలు టైమ్ వచ్చింది, గడియారం ఒక్కసారిగా 05:40:20కి వెనక్కి వెళ్ళింది. గడువు మాత్రం 17:40:50 దగ్గరే ఉంది. అంటే ఆ థ్రెడ్ ఇంకా పన్నెండు గంటల ముప్పై సెకన్లు ఆగుతుంది. ఎనలైజర్ జవాబు సరిగ్గా వచ్చి ఉంటే డేటా వచ్చిందన్న కబురు అంది థ్రెడ్ లేచేది, ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. కేబుల్ లూజై ఆ జవాబు పోయినరోజు మాత్రమే బాక్సు ఆగిపోయేది. రెండూ ఒకే నిమిషంలో జరగాలి కాబట్టి ఆఫీసులో టేబుల్ మీద పెట్టి ఎంత నడిపినా ఇది కనిపించదు.

లైనక్స్‌లో ఇలా ఆగడానికి వాడే పీథ్రెడ్_కాండ్_టైమ్‌డ్‌వెయిట్ ఫంక్షన్ మామూలుగా చేసే పని ఇదే. అది తీసుకునేది వ్యవధి కాదు, గడువు. "ఇంకో నలభై సెకన్లు" అని చెప్పడానికి లేదు, "ఫలానా క్షణం దాకా" అని చెప్పాలి. ఆ క్షణాన్ని అది క్లాక్_రియల్‌టైమ్‌తో పోలుస్తుంది. అంటే మనం గోడ గడియారంలా వాడుకునే టైమ్. దాన్ని మనిషి మార్చవచ్చు, ఎన్‌టీపీ మార్చవచ్చు. ముందుకు జరిపితే ఆగిన థ్రెడ్లన్నీ గడువు దాటిందని వెంటనే లేస్తాయి. వెనక్కి జరిపితే జరిపినంతసేపు అదనంగా ఆగుతాయి. టైమ్‌జోన్ మార్చినందువల్ల మాత్రం ఇది జరగదు, ఎందుకంటే లోపల లెక్క ఎప్పుడూ యూటీసీలోనే (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైమ్‌లో) ఉంటుంది.

గడువు తీసుకోవడం మంచి పద్ధతే, దాన్ని తప్పుపట్టను. కండిషన్ వేరియబుల్ మీద ఆగిన థ్రెడ్ ఊరికే కూడా లేవవచ్చు, వేరేవాళ్ళ డేటా వచ్చినప్పుడూ లేవవచ్చు. లేచి చూసుకుని, తనది కాకపోతే మళ్ళీ ఆగాలి. వ్యవధి ఇచ్చే పద్ధతిలో ఇరవై ఐదో సెకనులో లేచిన థ్రెడ్ మళ్ళీ నలభై అని చెప్పి ఆగితే మొత్తం అరవై ఐదు అవుతుంది, అలా లేస్తూ ఆగుతూ ఉంటే టైమవుట్ ఎప్పటికీ రాదు. గడువు ఒకసారి లెక్కకట్టి పెట్టుకుంటే ఎన్నిసార్లు లేచినా అదే గడువు. కాబట్టి మార్చాల్సింది గడియారం.

ఆ వీలు తరువాత వచ్చింది. పీథ్రెడ్‌లు (థ్రెడ్ల కోసం ఉన్న ఈ ఫంక్షన్లు) 1995లో యునిక్స్ తరహా ఓఎస్‌ల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్‌లోకి వచ్చాయి. కండిషన్ వేరియబుల్‌కు ఏ గడియారం కావాలో చెప్పే పీథ్రెడ్_కాండ్‌ఆట్టర్_సెట్‌క్లాక్ 2000లో చేసిన సవరణతో వచ్చింది. దాంతో క్లాక్_మోనోటోనిక్ అని చెప్పవచ్చు. మోనోటోనిక్ అనేది ఎప్పుడూ ముందుకే వెళ్ళే గడియారం. దానికి తేదీ లేదు. లైనక్స్‌లో దాదాపు బూట్ అయినప్పటి నుంచి ఎన్ని సెకన్లో అంతే. ఎవరు టైమ్ మార్చినా అది కదలదు.

ఇక్కడ రెండు చోట్ల జాగ్రత్తగా ఉండాలి. స్టాటిక్ ఇనిషియలైజర్‌తో ఒక్క లైనులో తయారుచేసిన కండిషన్ వేరియబుల్ ఎప్పుడూ రియల్‌టైమ్‌దే. మోనోటోనిక్ కావాలంటే ఇనిట్ ఫంక్షన్ పిలిచి ఆట్రిబ్యూట్ ఇవ్వాల్సిందే. రెండోది, కండిషన్ వేరియబుల్ ఏ గడియారందో గడువు కూడా ఆ గడియారంతోనే లెక్కకట్టాలి. వేరియబుల్ రియల్‌టైమ్‌ది, గడువు మోనోటోనిక్‌తో కట్టినది అయితే, బాక్సు ఆన్ అయి గంట అయిందనుకుంటే గడువు 3,640 అవుతుంది. రియల్‌టైమ్ 1970 నుంచి లెక్క కాబట్టి 170 కోట్లు దాటి ఉంది. ప్రతి వెయిట్ వెంటనే టైమవుట్. తారుమారైతే యాభై ఏళ్ళకు పైగా ఆగుతుంది. రెండు సందర్భాల్లోనూ కంపైలర్ ఒక్క మాట కూడా అనదు, రెండూ ఒకే స్ట్రక్ట్ కదా.

నానోసెకన్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆ స్ట్రక్ట్‌లో సెకన్లు వేరు, నానోసెకన్లు వేరు. నానోసెకన్లు వంద కోట్లకు తక్కువే ఉండాలి, లేకపోతే ఈఇన్‌వాల్ (విలువ చెల్లదు) అనే ఎర్రర్ వస్తుంది. ఇప్పటి టైమ్‌కు 250 మిల్లీసెకన్లు కలిపి, వంద కోట్లు దాటితే సెకన్లలోకి మార్చకుండా వదిలేస్తే, సుమారు నాలుగింట ఒకసారి మాత్రమే తప్పుతుంది. నాలుగింట మూడుసార్లు బాగా నడిచే కోడ్‌ను రివ్యూలో పట్టుకోవడం కష్టం. రిటర్న్ విలువను సున్నానా, కాదా అని మాత్రమే చూసి, సున్నా కానిదాన్నంతా టైమవుట్ అనుకునే కోడ్ అయితే ఈ తప్పు ఇంకా లోపలికి దాక్కుంటుంది. ఈటైమ్‌డౌట్ అనే కోడ్ వస్తేనే టైమవుట్ అనాలి. అన్నట్టు, కండిషన్ వేరియబుల్ దాన్ని నేరుగా రిటర్న్ చేస్తుంది, సెమఫోర్ (థ్రెడ్లను ఆపే ఇంకో సాధనం) వెయిట్ అయితే మైనస్ ఒకటి ఇచ్చి అసలు కారణాన్ని ఎర్‌నో అనే వేరియబుల్‌లో పెడుతుంది. ఒకే ప్రమాణంలో రెండు అలవాట్లు.

గోడ గడియారం మీద ఆగితే ఏమవుతుందో ప్రపంచమంతా ఒకేసారి చూసిన రోజు ఒకటి ఉంది. 2012 జూన్ 30న యూటీసీలో ఒక లీప్ సెకను (భూమి తిరుగుడుతో సరిపోయేలా కలిపే అదనపు సెకను) కలిపారు. మనకు అది జులై 1, ఆదివారం తెల్లవారి ఐదున్నర. ఆ సెకను కలిపినప్పుడు లైనక్స్ కెర్నెల్ గడియారాన్ని సర్దింది కానీ, ఆ సంగతి లోపలి హై రిజల్యూషన్ టైమర్లకు చెప్పలేదు. టైమర్లు చూసే రియల్‌టైమ్ అసలు రియల్‌టైమ్ కంటే ఒక సెకను ముందుకు వెళ్ళిపోయింది. ఫలితం ఏమిటంటే, ఒక సెకను లోపు గడువు పెట్టి ఆగే ప్రతి థ్రెడ్ ఆగకుండానే టైమవుట్ అని లేచింది. లేచింది, చూసుకుంది, మళ్ళీ ఆగబోయింది, మళ్ళీ లేచింది. జావా సర్వర్లలో ఇలాంటి చిన్న చిన్న వెయిట్లు చాలా ఉంటాయి కాబట్టి వాటి సీపీయూలు నూటికి నూరు శాతం పరుగెత్తాయి. రెడిట్ కాసేపు పడిపోయింది, మొజిల్లా సర్వర్లు ఇబ్బంది పడ్డాయి. చాలామంది అడ్మిన్లు చేసిన వైద్యం, డేట్ కమాండ్‌తో ఇప్పటి టైమ్‌నే మళ్ళీ సెట్ చేయడం. అలా సెట్ చేస్తే కెర్నెల్ టైమర్లకు గడియారం మారిందని కబురు వెళ్తుంది, లెక్క సరిపోతుంది. ఆ వైద్యం ఎందుకు పనిచేసిందో అర్థమైనప్పుడు ఈ విషయం మొత్తం నాకు తేటపడింది. 2035 లోగా లీప్ సెకన్లు కలపడం మానేయాలని 2022లో అంతర్జాతీయ తూనికలు, కొలతల మహాసభ తీర్మానించింది. మంచిదే, కానీ ఎన్‌టీపీ మాత్రం టైమ్ సర్దుతూనే ఉంటుంది కదా.

ఇక విండోస్. ఇక్కడ పద్ధతి తలకిందులు. వెయిట్‌ఫర్‌సింగిల్‌ఆబ్జెక్ట్ అయినా, విస్టాతో వచ్చిన కండిషన్ వేరియబుల్స్ అయినా గడువు తీసుకోవు, వ్యవధి తీసుకుంటాయి, అదీ మిల్లీసెకన్లలో, 32 బిట్ల సంఖ్యగా. గోడ గడియారం తిప్పితే వీటికి ఏమీ కాదు. పాల సెంటర్ కథ విండోస్ పీసీల్లో జరగకపోవడానికి కారణం అదే. అందుకే చాలామంది ఇక్కడ ఏ ఇబ్బందీ లేదనుకుంటారు.

ఇబ్బందులు వేరే చోట ఉన్నాయి. మన లోపల గడువు ఉంది, విండోస్‌కు వ్యవధి కావాలి. కాబట్టి ప్రతిసారీ గడువులోంచి ఇప్పటి టైమ్ తీసేసి, మిగిలినది ఇవ్వాలి. గడువు అప్పటికే దాటిపోయి ఉంటే మిగిలినది మైనస్. మైనస్ ఐదును గుర్తులేని 32 బిట్ల సంఖ్యలోకి నెడితే అది 429 కోట్లకు పైచిలుకు మిల్లీసెకన్లు అవుతుంది, అంటే నలభై తొమ్మిదిన్నర రోజులు దాటి. మైనస్ ఒకటి అయితే అది ఇన్ఫినిట్ అనే విలువే, ఇక టైమవుట్ ఎప్పటికీ రాదు. ఐదు మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చిన థ్రెడ్ నెలన్నర పైన ఆగుతుంది. మైనస్ అయితే సున్నా అని రాసే ఒక్క లైను లేకపోవడం వల్ల.

తరువాత రౌండింగ్. మన లెక్క నానోసెకన్లలో, విండోస్‌ది మిల్లీసెకన్లలో. మిగిలినది 0.4 మిల్లీసెకను అనుకోండి. కింది అంకెకు కత్తిరిస్తే సున్నా. సున్నా ఇస్తే ఆగకుండా వెంటనే టైమవుట్ అని వస్తుంది. మన గడియారం చూస్తే గడువు ఇంకా రాలేదు. మళ్ళీ ఆగబోతాం, మళ్ళీ సున్నా. ఆ 0.4 మిల్లీసెకనూ థ్రెడ్ ఖాళీగా గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. పై అంకెకు సర్దాలి, అంతే. ప్రతి వెయిట్ చివరా ఇలా తిరిగే ప్రోగ్రాముల్లో సీపీయూ గ్రాఫ్ చూస్తే ఎందుకో తెలియని చిన్న చిన్న ముళ్ళు కనిపిస్తాయి.

విండోస్ గడియారం టిక్కు మామూలుగా సెకనుకు 64 సార్లు కొడుతుంది, అంటే 15.625 మిల్లీసెకన్లకు ఒకసారి. వెయిట్ ఆ టిక్కుల దగ్గరే ముగుస్తుంది. పది మిల్లీసెకన్లు అడిగితే పదహారు కావచ్చు, ఒక్కోసారి అడిగినదానికంటే తక్కువకే లేవవచ్చు కూడా. టైమ్‌బిగిన్‌పీరియడ్ పిలిచి టిక్కును ఒక మిల్లీసెకనుకు తేవచ్చు. విండోస్ 10లో 2004 అనే నంబరున్న వెర్షన్ రాకముందు ఒక ప్రోగ్రామ్ అలా అడిగితే మిషను మొత్తానికీ వర్తించేది. పక్కన బ్రౌజర్ తెరిచి ఉంటే మన ప్రోగ్రామ్ వెయిట్లు చురుగ్గా ఉండేవి, మూసేస్తే మందగించేవి. ఇది తెలియని మనిషికి ఎంత టెన్షనో ఊహించుకోండి. మా పని సీరియల్ పరికరాలతో కాబట్టి పదిహేను మిల్లీసెకన్లు అటూ ఇటూ అయితే నష్టం లేదు, ఆ ఫంక్షన్ జోలికి మేము వెళ్ళలేదు. ముందుగా లేవడం మాత్రం పట్టించుకోవాలి. టైమవుట్ అని ఓఎస్ చెప్పగానే నమ్మకుండా మన గడియారం చూసుకోవాలి. గడువు రాకపోతే మళ్ళీ ఆగాలి.

ఇంకో చిన్న సంగతి. వెయిట్‌ఫర్‌సింగిల్‌ఆబ్జెక్ట్ టైమవుట్ అయితే 258 అనే విలువ రిటర్న్ చేస్తుంది. కండిషన్ వేరియబుల్ అయితే ఫాల్స్ ఇస్తుంది, గెట్‌లాస్ట్‌ఎర్రర్ అడిగితే 1460 చెబుతుంది. పాత ఈవెంట్ కోడ్‌ను కండిషన్ వేరియబుల్‌కు మార్చేవాళ్ళు 258 కోసమే చూస్తూ ఉంటారు.

మ్యాక్ గురించి తొందరగా చెప్పేస్తాను. అక్కడ పీథ్రెడ్_కాండ్‌ఆట్టర్_సెట్‌క్లాక్ లేదు. పేరులేని సెమఫోర్లు లేవు, సెమఫోర్‌కు టైమ్‌డ్ వెయిట్ లేదు. మన పనికి వచ్చేది పీథ్రెడ్_కాండ్_టైమ్‌డ్‌వెయిట్_రిలేటివ్_ఎన్‌పీ, అది విండోస్‌లాగే వ్యవధి తీసుకుంటుంది. అది చాలు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మాక్_యాబ్సల్యూట్_టైమ్ ఇచ్చే సంఖ్య నానోసెకన్లు కాదు, టిక్కులు. ఇంటెల్ మ్యాక్‌లలో టిక్కూ నానోసెకనూ ఒకటే కావడంతో చాలామంది మార్పిడి లేకుండానే వాడేశారు. 2020లో యాపిల్ సొంత చిప్ ఎం1 వచ్చాక ఒక టిక్కు 125 బై 3 నానోసెకన్లు అయింది. నలభై సెకన్ల గడువు అలాంటి కోడ్‌లో దాదాపు ఇరవై ఎనిమిది నిమిషాలవుతుంది. టైమ్‌బేస్ అడిగి గుణించుకోవాలి, లేదా నేరుగా నానోసెకన్లలో ఇచ్చే క్లాక్ ఫంక్షన్ వాడాలి.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది నిద్ర సంగతి. సెక్రటరీ ల్యాప్‌టాప్ మూత వేసి టీకి వెళ్ళారు. పావుగంట తరువాత వచ్చి మూత తెరిచారు. మూత వేసినప్పుడు థ్రెడ్‌కు ఇంకా ముప్పై సెకన్లు మిగిలి ఉన్నాయి. ఇప్పుడు అది టైమవుట్ కావాలా, ఇంకా ముప్పై సెకన్లు ఆగాలా?

విండోస్ 7 దాకా నిద్ర కూడా లెక్కలోకి వచ్చేది. విండోస్ 8 నుంచి రాదు. లైనక్స్ మోనోటోనిక్ గడియారం నిద్రలో ఆగిపోతుంది, నిద్రను కూడా కలపాలంటే క్లాక్_బూట్‌టైమ్ అని వేరే గడియారం ఉంది. మ్యాక్‌లో మాక్_యాబ్సల్యూట్_టైమ్ నిద్రలో ఆగుతుంది, కానీ అదే మ్యాక్‌లో క్లాక్_మోనోటోనిక్ అని అడిగితే అది నిద్రలోనూ నడుస్తుంది. లైనక్స్‌లో ఉన్న పేరే, ప్రవర్తన మాత్రం వేరు. లైనక్స్ కోడ్‌ను మ్యాక్‌కు తెచ్చి, కంపైల్ అయింది కదా అనుకునేవాళ్ళు ఇక్కడే చిక్కుకుంటారు.

పోర్టబుల్ కోడ్ అంటే మూడు ఓఎస్‌లకు మూడు ఫంక్షన్ పేర్లు ఇఫ్‌డెఫ్‌లో (ఓఎస్‌ను బట్టి కోడ్ ఎంచుకునే లైన్లలో) పెట్టడమే అనుకుంటే ఈ ప్రశ్నకు ఓఎస్ తనకు తోచిన జవాబు చెబుతుంది. జవాబు ముందు మనం తేల్చుకుని, హెడర్ ఫైల్‌లో ఫంక్షన్ పైన రాసి, తరువాత ప్రతి ఓఎస్‌నూ ఆ జవాబుకు ఒప్పించాలి. మా లైబ్రరీలో పరికరం జవాబు కోసం ఆగే వెయిట్లకు నిద్ర లెక్కలోకి రాదు అని తేల్చాం. మూత తెరవగానే టైమవుట్ అంటే, ఎనలైజర్ జవాబు బఫర్‌లోకి వచ్చి ఉన్నా దాన్ని చదివే అవకాశం ఇవ్వకుండానే పారేసినట్టవుతుంది. రైతు మళ్ళీ శాంపిల్ పోయాలి. మిగిలిన ముప్పై సెకన్లు ఇస్తే ఏ నష్టమూ లేదు. సర్వర్ లాగిన్ గడువు లాంటివి వేరు. అవి బయటి ప్రపంచపు టైమ్‌తో ముడిపడినవి, కంప్యూటర్ నిద్రపోయినా కరిగిపోతూనే ఉంటాయి. వాటికి థ్రెడ్‌ను ఒకే పెద్ద వెయిట్‌లో పెట్టం. నిమిషానికి ఒకసారి లేచి గోడ గడియారం చూసుకుంటుంది.

అలా తేల్చాక రాయాల్సింది కొంచెమే. మా సొంత "ఇప్పుడు" ఫంక్షన్ ఒకటి. లైనక్స్‌లో క్లాక్_మోనోటోనిక్, విండోస్‌లో క్వెరీఅన్‌బయాస్డ్‌ఇంటరప్ట్‌టైమ్, మ్యాక్‌లో క్లాక్_అప్‌టైమ్_రా. మూడూ నిద్రలో ఆగుతాయి, మూడూ ఎవరు టైమ్ మార్చినా కదలవు. మా ఫంక్షన్ అన్నిటినీ 64 బిట్ల నానోసెకన్లుగా మార్చి ఇస్తుంది. లైబ్రరీ లోపల ఎక్కడా వ్యవధి తిరగదు, గడువే తిరుగుతుంది. వాడేవాళ్ళు "నలభై సెకన్లు" అని అడిగిన మొదటి లైనులోనే దాన్ని గడువుగా మారుస్తాం, ఆ గడువునే లోపలి ఫంక్షన్లన్నిటికీ అందిస్తాం. కమాండ్ పంపడం, జవాబు కోసం ఆగడం, చెక్‌సమ్ తప్పితే మళ్ళీ అడగడం, అన్నీ కలిపి ఒకే నలభై సెకన్లలో ముగియాలి. ఒక్కో మెట్టుకూ విడిగా నలభై ఇస్తే క్యూలో నిలబడినవాళ్ళకు అది రెండు నిమిషాలవుతుంది.

వెయిట్ లూప్ ఇలా ఉంటుంది. ముందు షరతు (డేటా వచ్చిందా) చూడు, నిజమైతే బయటికి రా. మన గడియారం చూడు, గడువు దాటితే టైమవుట్. మిగిలినది లెక్కకట్టి, గంట కంటే ఎక్కువైతే గంటకు కుదించి, ఓఎస్‌కు కావాల్సిన యూనిట్‌లోకి పై అంకెకు సర్ది, ఆగు. ఓఎస్ ఏ కారణంతో లేపినా మళ్ళీ మొదటికే. విండోస్ 7 నిద్రను లెక్కలో కలిపి ముందే లేపినా, టిక్కు వల్ల ముందే లేపినా, ఊరికే లేపినా ఈ లూప్‌కు అన్నీ ఒకటే. గంటకు కుదించడం వల్ల 49 రోజుల హద్దు గొడవా పోతుంది. ఎప్పటికీ ఆగు అని చెప్పడానికి అతి పెద్ద సంఖ్య వాడే అలవాటు మాత్రం వద్దు. ఇప్పటి టైమ్‌కు దాన్ని కలిపితే ఓవర్‌ఫ్లో అయి మైనస్‌లోకి వెళ్తుంది, ఎప్పటికీ ఆగాల్సింది ఒక్క క్షణం కూడా ఆగదు. సి ప్లస్ ప్లస్‌లో డ్యురేషన్ మ్యాక్స్‌ను వెయిట్_ఫర్‌కు ఇచ్చి చాలామంది దీన్ని చూసి ఉంటారు.

షరతును టైమవుట్ కంటే ముందు చూడటం కూడా కావాలనే చేశాం. గడువు, డేటా ఒకే క్షణంలో వస్తే డేటా గెలవాలి. పాలు కొలిచిన ఫలితం చేతిలో ఉంచుకుని టైమవుట్ అని చెప్పడం అన్యాయం.

సి ప్లస్ ప్లస్ వాడేవాళ్ళు ఎప్పుడూ ముందుకే వెళ్ళే స్టెడీ_క్లాక్ ఉంది కదా, ఇదంతా మాకెందుకు అంటారు. ఉంది, కానీ లైనక్స్‌లో జీసీసీ కంపైలర్ స్టాండర్డ్ లైబ్రరీ చాలా ఏళ్ళు ఆ స్టెడీ గడువును లోపల సిస్టమ్ గడువుగా మార్చి, రియల్‌టైమ్ మీదే ఆగేది. మనం రాసింది స్టెడీ, జరిగింది గోడ గడియారం. 2019లో వచ్చిన జీలిబ్‌సీ (లైనక్స్ సి లైబ్రరీ) 2.30లో పీథ్రెడ్_కాండ్_క్లాక్‌వెయిట్ వచ్చింది, ఏ గడియారమో వెయిట్ చేసేటప్పుడే చెప్పవచ్చు. 2020లో వచ్చిన జీసీసీ 10 దాన్ని వాడుకోవడం మొదలుపెట్టాకే స్టెడీ నిజంగా స్టెడీ అయింది. ఆ ఫంక్షన్ ఇప్పుడు పోసిక్స్ 2024 ప్రమాణంలోకి కూడా చేరింది. పైథాన్‌లో లాక్ టైమవుట్లు లైనక్స్ మీద మోనోటోనిక్‌కు మారింది 3.11లో, అదీ జీలిబ్‌సీ 2.30 ఉంటేనే. పైథాన్ 2లో కండిషన్ వెయిట్‌కు టైమవుట్ ఇస్తే అది అసలు ఆగేదే కాదు, కొంచెం కొంచెం నిద్రపోతూ, గరిష్ఠంగా యాభై మిల్లీసెకన్లకొకసారి లేచి చూసుకునేది. జావాలో అవెయిట్‌నానోస్ మిగిలిన వ్యవధిని తిరిగి ఇస్తుంది. లూప్‌లో దాన్నే మళ్ళీ ఇస్తే సరిపోతుంది, ఆ డిజైన్ నాకు చాలా ఇష్టం.

ఏఆర్‌ఎం బోర్డుల మీద పనిచేసేవాళ్ళు తమ టూల్‌చెయిన్ (కంపైలర్, లైబ్రరీలు) వెర్షన్ ఒకసారి చూసుకోవాలని గట్టిగా చెబుతాను. బోర్డు అమ్మినవాళ్ళు ఇచ్చే ప్యాకేజీలో జీసీసీ 7, జీసీసీ 8 ఇప్పటికీ దొరుకుతున్నాయి. వాటితో కట్టిన ప్రోగ్రామ్‌లో స్టెడీ_క్లాక్ అని రాసి ఉన్నా పైన చెప్పిన పాల సెంటర్ కథే జరుగుతుంది. పరీక్ష చాలా సులువు. ముప్పై సెకన్ల వెయిట్ ఒకటి పెట్టి, ముందూ వెనుకా మోనోటోనిక్ టైమ్ ప్రింట్ చేయండి. అది ఆగి ఉండగా వేరే టెర్మినల్‌లో ఎన్‌టీపీ ఆపి, రూట్‌గా డేట్ కమాండ్‌తో టైమ్‌ను గంట వెనక్కి పెట్టండి. తేడా ముప్పై సెకన్లకు తక్కువ కాకుండా, దానికి దగ్గరగా వస్తే సరే. గంట దాకా కదలకపోతే కండిషన్ వేరియబుల్‌ను నేరుగా పీథ్రెడ్‌తో రాసుకుని, సెట్‌క్లాక్‌తో మోనోటోనిక్ ఇవ్వండి. గంట ముందుకు పెట్టి కూడా ఒకసారి చూడండి, అప్పుడు వెంటనే లేవకూడదు. విండోస్‌లో, మ్యాక్‌లో ఇదే పరీక్షకు మూత వేసి తెరవడం కూడా చేర్చండి. సీఐ సర్వర్లో (కోడ్ మారినప్పుడల్లా టెస్టులు నడిపే సర్వర్లో) దీన్ని పెట్టేటప్పుడు మాత్రం ముప్పై ఒకటి దాటితే ఫెయిల్ అని రాయకండి. లోడ్ ఎక్కువున్నప్పుడు థ్రెడ్ లేవడానికి ఇంకా ఆలస్యమవుతుంది. గడువుకు ముందు లేవకూడదు అన్న షరతును మాత్రం ఒక్క మిల్లీసెకను కూడా సడలించకండి.